కేతిగాని నవ్వు

అనంతపురపు సీమ మెట్టసీమ. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించుటచేతను, తూర్పు సముద్రము దూరమగుటచేతను, రెండు ఋతుపవనములును ఆ నేలను చాలీచాలని వానతో దాటిపోవును. ఏటికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు కొన్ని యేండ్లు వచ్చును, కొన్ని యేండ్లు రాదు. చెరువు నిండినచో పంట, ఎండినచో వలస. ఇట్టిచోట జనులు ఎల్లప్పుడు మొగము ముడుచుకొని బ్రతుకుచుందురని దూరపువారు తలపవచ్చును. అది నిజము కాదు. తరతరములుగా తెలుగు పల్లెలను కడుపుబ్బ నవ్వించిన హాస్యగాడొకడు ఈ సీమలోనే నిలువనీడ ఏర్పరచుకొనెను. వాడు మనుష్యుడు కాడు. తోలుతో చేసిన బొమ్మ. వాని పేరు కేతిగాడు.

ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంట అను గ్రామము కలదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో అనంతపురము జిల్లాను విభజించినప్పుడు ఆ గ్రామము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. తోలుబొమ్మలు చేయు కుటుంబములు అక్కడ పెక్కు కలవు. వారి పూర్వులు కొన్ని తరముల క్రిందట మహారాష్ట్ర ప్రాంతమునుండి వచ్చినవారు. నేటికిని వారి యిండ్లలో మరాఠీ పలుకుబడి వినవచ్చును. కాని వారు తెరవెనుక నిలిచి ఆట ఆడునది తెలుగులో. పొరుగున ఉన్న కన్నడ సీమలో ఈ ఆటగాండ్రను 'కిళ్ళేక్యాతలు' అందురు. అది మొదట వారి ఆటలోని హాస్యపు బొమ్మ పేరు. నవ్వించు బొమ్మ పేరే నవ్వించు మనుష్యులకు కులనామ మయ్యెను. చూచువారి మనస్సులలో ఆ బొమ్మకు ఎంతటి చోటు కలదో ఈ ఒక్క విషయమే తెలుపుచున్నది.

తోలుబొమ్మలాట తెలుగునాట మిక్కిలి పురాతనమైనది. పదమూడవ శతాబ్దమునాటి పాల్కురికి సోమనాథుడు తన 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలమున జరుగు ఆటపాటలను వర్ణించుచు బొమ్మలాటను పేర్కొనెను. ఆట తీరు ఇట్టిది. మేకతోలును నానవేసి, రోమము తొలగించి, గీచి పలుచన చేయుదురు. ఎండబెట్టినపిమ్మట ఆ తోలు వెలుగును తనగుండా పోనిచ్చునంత పారదర్శకమగును. పూర్వము దేవతల బొమ్మలకు, వీరుల బొమ్మలకు జింకతోలును వాడువారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో అది నిలిచిపోయెను. తోలుపై బొమ్మను గీచి, కత్తిరించి, చిన్న చిన్న రంధ్రములు పొడిచి, రెండువైపుల రంగులు వేయుదురు. తల, చేతులు, కాళ్ళు వేరువేరుగా చేసి దారముతో కూర్చుటచే అవి కదలును. కొన్ని బొమ్మలు మనుష్యుని ఎత్తునకు సరిపోవును.

పంటలు ఇంటికి వచ్చిన కాలమునను, శివరాత్రివంటి పండుగలకును ఈ ఆటగాండ్రు ఊరూరు తిరుగుదురు. వాన రానప్పుడు ఊరివారే వారిని పిలిపించుటయు కలదు. విరాటపర్వమును చదివినను, పాడినను, ఆడినను వాన కురియునని తెలుగువారిలో పూర్వమునుండి ఒక విశ్వాసము కలదు కదా! ఊరిబయట గుంజలు పాతి, తెల్లని గుడ్డను తెరగా కట్టుదురు. దాని వెనుక పూర్వము ఆముదపు దీపములు వెలిగించెడివారు. పిదప పెట్రోమాక్సు దీపములు, వాని పిదప విద్యుద్దీపములు వచ్చినవి. మద్దెల మ్రోగును. తాళములు కదలును. ఆటగాండ్రు కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, యుద్ధఘట్టములలో చెక్కపలకలపై దబదబ త్రొక్కుదురు. మొదట వినాయకుడు, పిమ్మట సరస్వతి తెరపైకి వత్తురు. ప్రార్థన ముగియును. అంతలో ఎవరును పిలువకయే, ఏ కథకును సంబంధము లేకయే, ఒక పొట్టి నల్లని బొమ్మ ఎగిరి తెరపై పడును. పిల్లలు కేకలు వేయుదురు. నిద్రకు తూగుచున్న ముసలివారు లేచి కూర్చుందురు. కేతిగాడు వచ్చినాడు!

వాడు ఒంటరివాడు కాడు. జుట్టుపోలిగాడు, వాని భార్య బంగారక్క, అల్లాటప్పగాడు, గాంధోళిగాడు అనువారు వాని బలగము. తేలికగా త్రోసివేయదగిన మనిషిని నేటికిని 'అల్లాటప్పాగాడు' అనుచుందుము. ఎన్నడును బొమ్మలాట చూడని పట్టణవాసి నాలుకపై సైతము ఈ మాట ఆడుచునే యున్నది. ఈ బొమ్మలు రామాయణములో లేవు, భారతములో లేవు. అయినను రాముడు వనవాసమునకు పోవుచున్నను, ద్రౌపది విరాటుని కొలువులో ప్రవేశించుచున్నను, నడుమ వీరు వచ్చి తగవులాడి, తన్నుకొని, నవ్వించి పోవుదురు.

ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. ఆ తెరపై రెండు భాషలు వినవచ్చును. రాముడు, రావణుడు, హనుమంతుడు పద్యములతోడను ద్విపదలతోడను మాటలాడుదురు. ఈ ఆటగాండ్రు రంగనాథ రామాయణపు ద్విపదలను నోటికి నేర్చినవారు. ఆ మాటలు తాతనుండి మనుమనికి మారకుండ వచ్చినవి, మార్చుట తప్పని వారి నమ్మకము. కేతిగాడు మాత్రము పద్యము పాడడు. తెరముందు కూర్చున్న రైతు ఇంటిలో ఏ యాసతో మాటలాడునో, వాడును ఆ యాసతోనే మాటలాడును. రాముని మాట నిన్నటిది, కేతిగాని మాట నేటిది. నేటి మాటలాడువాడే నేటి సంగతులను చెప్పగలడు. కథ ఎంత పాతదైనను జనులు విందురు; హాస్యము పాతబడినచో మాత్రము నవ్వరు. కావున కేతిగాడు ఏటేట మారక తప్పదు. ఒక ఊరివారు ఏ మాటకు నవ్వుచున్నారో చూచినచో, ఆ ఊరిలో ఏది మారినదో, ఏది మారవలసియున్నదో తెలిసికొనవచ్చును.

ఇది ఒక్క అనంతపురపు విశేషము కాదు. సంస్కృత నాటకములలో రాజు సంస్కృతము మాటలాడగా, అతని చెలికాడైన విదూషకుడు ప్రాకృతము మాటలాడును. చీనా దేశపు సంగీత నాటకములలో 'చౌ' అను హాస్యపాత్ర కలదు. ముక్కుచుట్టును తెల్లరంగు పూసికొని వచ్చు ఆ పాత్ర, ఘనులైన పాత్రల గంభీరభాషను విడిచి, వాడుకభాషలో మాటలాడి నవ్వించును. తురుష్క దేశపు నీడబొమ్మలాటలో హజీవత్ అనువాడు పండితుల భాష మాటలాడగా, కరాగోజ్ అను మొరటువాడు ఆ మాటలను అపార్థము చేసికొని జనులను నవ్వించును. జావాద్వీపపు బొమ్మలాటలో పాండవులకు సేవకుడైన సేమార్ అను వృద్ధుడు తన కుమారులతో వచ్చి నాటి సంగతులను ముచ్చటించును. ఇన్ని దేశములలో ఇన్ని భాషలలో హాస్యగానికి ఒకే పని ఒప్పగింపబడినది. ఘనుల ప్రక్కన నిలిచి సామాన్యుని మాట పలుకుటయే ఆ పని.

కేతిగాడు ఆ పనిని ఎట్లు చేయునో తెలియుటకు ఒక సన్నివేశమును ఊహించుకొనవచ్చును. అది సుందరకాండపు ఆరంభము. తెరపై హనుమంతుడు దేహమును పెంచి మహేంద్రగిరిపై నిలిచియున్నాడు. తోక ఊగుచున్నది. మద్దెల ఉరుముచున్నది. ఇక ఎగురుటయే తరువాయి. అప్పుడు ఒక చేత కడవ పట్టుకొని కేతిగాడు దారికి అడ్డము వచ్చును.

"యాడికప్పా పోతాండావు?"

"సముద్రమును లంఘించి లంకకు పోవుచున్నాను. తొలగుము!"

"సముద్రమంటే ఏందప్పా?"

"ఎటు చూచినను జలమే. నూరు యోజనముల జలము!"

"నూరు యోజనాల నీళ్ళా! అన్ని నీళ్ళు పెట్టుకోని, దాన్ని దాటి పోతానంటావేందప్పా? మా ఊర్లో మున్నూరడుగులు బోరేస్తే దుమ్ము లేసింది. సీతమ్మను సూసి వచ్చేటప్పుడు, ఆ తోకకు ఒగ కడవ కట్టుకోని రాప్పా!"

ఇంతలో రెండవవైపునుండి బంగారక్క వచ్చును. "నీళ్ళొస్తే సరిపోయిందా? యిత్తనం ఎవురిస్తారు?" అని నిలదీయును.

"షావుకారు ఇస్తాడు మే! ఒగ మూట ఇస్తాడు, రెండు మూటలు రాసుకుంటాడు. మన సేనికి కరువొచ్చింది గానీ, ఆయప్ప కలానికి యానాడూ కరువు రాల్యా!"

జనులు విరగబడి నవ్వుదురు. ఆ నవ్వులో షావుకారును నవ్వక తప్పదు. నవ్వనిచో ఆ మాట తనకే తగిలినదని ఒప్పుకొనినట్లగును. అదే మాటను ఒక రైతు పగటివేళ రచ్చబండకడ అనినచో తగవగును. మరునాడు విత్తనము దొరకదు. బొమ్మ అనినందున అది వినోదమయ్యెను. తెరవెనుక ఉన్న పేద ఆటగానికి ఆ తెర ఒక కవచము. అయినను వాడు ఆ ఊరిలో ధాన్యము యాచించి బ్రతుకువాడే. కావున ఎంతవరకు పోవచ్చునో, ఎక్కడ ఆగవలెనో తెలిసి మాటలాడవలెను. పగలు గింజలకై ఇంటింటికి తిరుగునప్పుడు ఊరి సంగతులను చెవిని వేసికొని, రాత్రి వానిని నొప్పి తెలియకుండ తెరపై పెట్టుట సామాన్యమైన విద్య కాదు.

ఈ చిన్న సన్నివేశములో కాలమెట్లు దాగియున్నదో చూడుడు. బోరుబావి మాట వచ్చెను. నూరేండ్ల క్రిందట ఇదే హాస్యము చెప్పవలసియుండినచో కేతిగాడు బోరును గాక, మోట తోలు బావిని చెప్పవలసియుండును. ఎద్దులు లాగు మోటలు పోయినవి, విద్యుత్తు మోటార్లు వచ్చినవి. వేరుసెనగ మెట్టపొలములన్నిటిని ఆక్రమించెను. నేలలోని నీరు అడుగంటుకొలది బోర్లు లోతునకు పోయినవి. వానితోపాటు అప్పులును లోతునకు పోయినవి. కేతిగాని కడవ ఒకటియే, దానిచుట్టు ఉన్న మాటలు మారినవి. ఆ మారిన మాటలే ఆ సీమ చరిత్ర.

అట్లే కరణము మాట. ఊరి పొలముల లెక్కలు వ్రాయు కరణము ఒకనాడు పల్లెలో మిక్కిలి బలవంతుడు. చదువురాని రైతునకు తన పొలము ఏ లెక్కలో ఉన్నదో ఆయన చెప్పినదే వేదము. అట్టివాని కలమును, లెక్కపుస్తకమును పరిహసించినచో ఊరంతయు నవ్వెడిది. 1984వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసెను. పిమ్మట పుట్టిన పిల్లలకు కరణముపై చెప్పిన హాస్యమును వివరించి చెప్పవలెను. వివరింపవలసిన హాస్యము హాస్యము కాదు. నేడు ఆ స్థానమున కార్యాలయముల చుట్టు తిరుగుట, కార్డులు, దరఖాస్తులు, బెంగుళూరు వలసలు వచ్చి చేరును. పదవి పోయినను, పనికై పదిసార్లు తిరుగువాని గోడు పోలేదు. కావున కేతిగానికి పని తప్పలేదు.

ఇక బంగారక్క సంగతి. ఈమెపై చెప్పు హాస్యములు అన్నియు మంచివి కావు. ఆమె నోటిదురుసును, నడవడిని ఎగతాళి చేయు మోటుమాటలు పూర్వపు ఆటలలో ఎక్కువ. అవి విని ఊరి ఆడువారు పైటచెంగు నోట అడ్డము పెట్టుకొని నవ్వెడివారో, సిగ్గుపడెడివారో ఎవరును అడుగలేదు. అయినను ఇందు రెండవ పార్శ్వము కలదు. ఆ తెరపై సీత ఎదురు మాటలాడదు, ద్రౌపది సభలో కన్నీరు పెట్టును. మగనికి ఎదురు నిలిచి, "నీవేమి తెచ్చితివి? నేనేమి వండవలెను?" అని అడుగునది బంగారక్క ఒక్కతెయే. ఆమెను చూచి నవ్వినవారు ఆమె అడిగిన ప్రశ్నను విన్నారు కదా! అంతేకాదు. పట్టణపు నాటకశాలలలో మగవారే ఆడువేషములు వేయుచున్న దినములలో, తోలుబొమ్మల తెరవెనుక ఆ కుటుంబముల స్త్రీలే నిలిచి స్త్రీపాత్రలకు మాటయు పాటయు అందించుచుండిరి.

ఆ తెరవెనుక పెరిగిన విద్య తెర ముందునకును వచ్చెను. 1885వ సంవత్సరమున కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలగువారు 'కీచకవధ' నాటకమును ప్రదర్శించిరి. పేరొందిన సురభి నాటక సమాజములకు అదియే ఆరంభము. ఆ కుటుంబములవారును పూర్వము తోలుబొమ్మలాట ఆడినవారే. వారి నాటకములలో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. అనంతపురము జిల్లా తాడిపత్రిలో పుట్టి బళ్ళారిలో న్యాయవాదియైన బళ్ళారి రాఘవ (1880–1946) స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, చదువుకొన్న కుటుంబముల స్త్రీలను రంగస్థలమునకు రప్పించెను. సంఘములోని దోషములను చూపుటకు 'తప్పెవరిది' వంటి నాటకములను స్వయముగా వ్రాసెను. మారుమూల తెరవెనుక సహజముగా జరుగుచుండినదానిని పట్టణపు రంగస్థలము చాలకాలమునకు పోరాడి సాధింపవలసివచ్చెను.

కోస్తాసీమలో హాస్యము వేరొక దారిని నడచెను. కందుకూరి వీరేశలింగము పంతులు ప్రహసనములు వ్రాసి లంచగొండులను, దురాచారములను పరిహసించెను. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి వ్రాయబడి మరల వెలువడెను. ఆ నాటకము అచ్చులో నిలుచుటచే ఆనాటి సంఘము ఎట్లుండెనో నేటి విద్యార్థికి తెలియును. గిరీశము మాటలు నేటికిని జనుల నోట నున్నవి. కాని ఆ 1892లోనే అనంతపురపు పల్లెలో ఒక రాత్రి కేతిగాడు ఏమనెనో ఎవరికిని తెలియదు. 1876లో మొదలై రెండేండ్లు ఈ సీమను దహించిన ధాత కరువు గడచిన పిమ్మట, తెరముందు మిగిలి కూర్చున్నవారిని వాడేమని నవ్వించెనో తెలియదు. రాముని పద్యములను తాటాకులపైన వ్రాసిరి, పుస్తకములలో అచ్చొత్తిరి. కేతిగాని మాటలు వ్రాయదగినవని ఎవరికిని తోచలేదు. సంఘము ఎట్లు మారెనో చెప్పు సాక్షి మాటలనే సంఘము పారవేసెను.

క్రమముగా ఆటయే తగ్గజొచ్చెను. 1932లో తెలుగున మొదటి టాకీ చిత్రమైన 'భక్తప్రహ్లాద' వచ్చెను. పిమ్మట డేరాలలో ఆడు చలనచిత్రములు పల్లెలకు వచ్చినవి. 1977లో హైదరాబాదున దూరదర్శను కేంద్రము మొదలయ్యెను. రాత్రియంతయు మేలుకొని బొమ్మలాట చూచువారు తగ్గిరి. పంట లేని పల్లె తన కడుపునే నింపుకొనలేనప్పుడు ఆటగానికి గింజలు ఎట్లు పెట్టగలదు? ఆటగాండ్రు వేరొక దారి వెదకుకొనిరి. చేతిలోని విద్య తోలును కోసి రంగులు వేయుట. ఆ తోలుతోనే దీపములకు గుమ్మటములు, గోడకు తగిలించు చిత్రములు, తలుపులకు తెరలు చేసి అమ్మసాగిరి. పట్టణములవారు వానిని మెచ్చి కొనిరి. నిమ్మలకుంట పేరు దూరదేశములకు ప్రాకెను. ఆ గ్రామవాసియగు దళవాయి చలపతిరావు గారికి 2020లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగి గౌరవించెను. కుటుంబములు అన్నము తినుచున్నవి, పిల్లలు బడికి పోవుచున్నారు. ఇది సంతోషింపవలసిన విషయమే. కాని దీపపు గుమ్మటముపై కేతిగానిని చిత్రించినను వాడు వెలుగును గాని మాటలాడడు.

వానికి మాటలాడు పని బొత్తిగా దొరకలేదని కాదు. 1954లో కేంద్రప్రభుత్వము గీత నాటక విభాగము నొకదానిని స్థాపించి, ప్రభుత్వ పథకములను జనులకు తెలుపుటకు జానపద కళాకారులను వినియోగించెను. తోలుబొమ్మలును ఆ పనికి వచ్చినవి. కుటుంబ నియంత్రణము, అక్షరాస్యత, పరిశుభ్రత మొదలగువానిని బొమ్మలచేత చెప్పించిరి. చెప్పిన మాటలు మంచివే; కొందరు ఆటగాండ్రకు కూలియు దొరికెను. అయినను ఇందొక మార్పు కలదు. పూర్వము అధికారి తెరముందు కూర్చుండగా కేతిగాడు ఆయనను పరిహసించెడివాడు. ఇప్పుడు అధికారి వ్రాసియిచ్చిన మాటలను కేతిగాడు పలుకుచున్నాడు. కేతిగాడు ఎవరి మాట పలుకుచున్నాడను ప్రశ్న ఇక్కడ పుట్టుచున్నది. తోలుబొమ్మను ఆడించువాడు ఎల్లప్పుడు ఒకడుండును. కాని ఆ ఆడించువాడు ఊరి కష్టము తెలిసినవాడైనప్పుడే బొమ్మ నోట ఊరి మాట వచ్చును.

గతించినదంతయు మంచిదని తలంపరాదు. కేతిగాని నవ్వు బలవంతులపై మాత్రమే గాక, ఒక్కొక్కప్పుడు బలహీనులపైనను పడెను. అంగవైకల్యము గలవారిని, స్త్రీలను, తక్కువవారని సంఘము త్రోసివేసినవారిని ఎగతాళి చేయు మాటలు ఆ ఆటలో లేకపోలేదు. బడులలో, సభలలో ఆడవలసివచ్చినప్పుడు ఆటగాండ్రే అట్టివానిని తొలగించుకొనిరి. అదియు సంఘములో వచ్చిన మార్పే. నిన్న నవ్విన మాటకు నేడు నవ్వలేకపోవుట ఒక్కొక్కసారి మన మనస్సు పెద్దదైనదనుటకు గుర్తు. షావుకారు కలమును చూచి నవ్వుట వేరు, ఆకలిగొన్నవాని చినిగిన చొక్కాను చూచి నవ్వుట వేరు. మొదటిది అన్యాయమును ఎత్తిచూపును, రెండవది అన్యాయమునకు తోడుపడును. హాస్యమును తూచుటకు ఇంతకంటె సులభమైన తూనిక లేదు.

నేటి కేతిగాండ్రు తోలుతెరపై మాత్రమే లేరు. చలనచిత్రములలో, చేతిలోని ఫోనులలో, తరగతిగదిలో వెనుక బల్లపై సైతము వారు కలరు. వారు దేనికి నవ్వించుచున్నారో, ఎవరిని చూచి నవ్వుచున్నారో గమనించువానికి తన కాలము తెలియును. మెట్టసీమలోని తాతలు, అవ్వలు తాము బాల్యమున చూచిన బొమ్మలాటలోని కేతిగాని మాటలను ఇంకను కొన్ని జ్ఞప్తియందుంచుకొనియున్నారు. అడిగినచో వారు మొదట నవ్వుదురు, పిమ్మట చెప్పుదురు. ఆ మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. రాముని పద్యములను కాపాడుటకు పండితులు కలరు. కేతిగాని మాటలను కాపాడుటకు ఎనిమిదవ తరగతి విద్యార్థి చాలును.

ప్రశ్నలు

1. 'కిళ్ళేక్యాతలు' అను పేరు ఆటగాండ్రకు ఎట్లు కలిగెను?

2. తెరపై రెండు భాషలు వినవచ్చునని పాఠములో చెప్పబడినది. అవి యేవి? ఏ భాషలో నేటి సంగతులు చెప్పుటకు వీలగును? ఏల?

3. కేతిగాని మాటకు షావుకారును నవ్వక తప్పదనుటలో భావమేమి?

4. బంగారక్కను గూర్చి పాఠమున చెప్పిన రెండు పార్శ్వములను వివరింపుడు.

5. మీ ఇంటిలోని పెద్దవారు తమ బాల్యమున నవ్విన ఒక హాస్యమును అడిగి తెలిసికొని వ్రాయుడు. దానికి నేడు మీరు నవ్వగలరా? కారణమును తెలుపుడు.